గోడ లోపల రేడియేటర్ పైపుల జాయింట్లు దాచవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 1960ల నాటి ఇల్లు కొన్నారు. హాల్లో పాత ప్లాస్టర్ అంతా కొట్టించారు. లోపలి గోడ ఒకటి చెక్క స్టడ్లతో (నిలువు కర్రలతో) కొత్తగా కడుతున్నారు. బయటి గోడకు బ్లాకు మీద డాట్ అండ్ డాబ్ పద్ధతిలో, అంటే అడ్హెసివ్ ముద్దలు పెట్టి, ప్లాస్టర్‌బోర్డ్ అంటిస్తున్నారు. బాయిలర్ వేడి నీటితో గదిని వెచ్చబరిచే రేడియేటర్ల పైపులు నేలలోంచి పైకి కనపడకుండా, గోడలోంచే నేరుగా వాల్వులకు రావాలని మీ కోరిక. ఒక ప్లంబర్ గోడ లోపల ఒక్క జాయింట్ కూడా పెట్టనన్నాడు. ఇంకో ప్లంబర్ పుష్‌ఫిట్‌కి (పైపును లోపలికి తోస్తే పట్టుకునే ఫిట్టింగ్‌కి) 50 ఏళ్ల గ్యారంటీ ఉంది, టెన్షన్ పడకండి అన్నాడు. బిల్డరేమో గురువారం బోర్డులు బిగించేస్తానంటున్నాడు.

నేను ఇంగ్లండ్‌లో 19 ఏళ్లుగా హీటింగ్ పనే చేస్తున్నాను. నా మాట ఇది: జాయింట్ దాచవచ్చు, కానీ అన్ని రకాలూ కాదు. నట్టు బిగించే కంప్రెషన్ ఫిట్టింగ్‌ని బోర్డు వెనక ఎప్పుడూ పెట్టనివ్వకండి. టంకం వేసిన రాగి ఎల్బో (పైపును మూల తిప్పే ముక్క) గానీ, మెషీన్‌తో నొక్కిన ప్రెస్ ఫిట్టింగ్ గానీ పర్వాలేదు. పుష్‌ఫిట్ మాత్రం మళ్లీ చెయ్యి పెట్టి చూసుకునే వీలున్న చోటే. ఏ రకమైనా సరే, ప్రెషర్ టెస్ట్ పూర్తి కాకుండా గురువారం బోర్డు ఎక్కకూడదు. బిల్డర్‌కి రెండు రోజులు ఆలస్యమైతే అవనివ్వండి.

కంప్రెషన్ మీద ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్తాను. కొన్నేళ్ల క్రితం స్లౌలో ఒక తెలుగువాళ్ల ఇంటికి పిలిచారు. బాయిలర్ గేజ్ నెలకోసారి 1.3 బార్ నుంచి 0.7కి పడిపోతోంది. వాళ్లు ఏడాదిన్నరగా ఫిల్లింగ్ లూప్ తిప్పి నీళ్లు నింపుకుంటూనే ఉన్నారు. నేల మీద చుక్క లేదు. సీలింగ్ మీద మచ్చ లేదు. ముందు వచ్చినతను బాయిలర్‌లోనే లోపం అని చెప్పి వెళ్లాడట. నేను గదులన్నీ తిరిగి చూస్తుంటే, ముందు గదిలో స్కిర్టింగ్ పైన పెయింట్ అరచెయ్యంత మేర కొద్దిగా ఉబ్బి కనిపించింది. వేలితో నొక్కితే మెత్తగా ఉంది. అక్కడ బోర్డును పుస్తకమంత కోసి చూశాను. లోపల 15 మి.మీ. పైపు మీద ఒక కంప్రెషన్ ఎల్బో. నట్టు చుట్టూ తెల్లగా, ఆకుపచ్చగా పెచ్చు కట్టింది. కింద ఉన్న అడ్హెసివ్ ముద్ద టీలో ముంచిన బిస్కెట్‌లా విడిపోతోంది. స్పానర్ పెడితే నట్టు దాదాపు పావు చుట్టు తేలిగ్గా తిరిగింది. కారిన నీరు వేడి పైపు మీదే కొంత ఆవిరైపోయింది, మిగతాది గోడ పీల్చేసుకుంది. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ కనపడలేదు.

నష్టం గోడతో ఆగలేదు. నెలనెలా కొత్త నీళ్లు నింపినప్పుడల్లా దాంతోపాటు ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది, రేడియేటర్ ఉక్కును తినేస్తుంది. ఆ ఇంట్లో రేడియేటర్ విప్పితే కాటుకలాంటి నల్లటి బురద వచ్చింది. తుప్పు పట్టకుండా వేసే ఇన్హిబిటర్ కూడా ఎప్పుడో పలచబడిపోయింది. పావు చుట్టు బిగించాల్సిన ఒక్క నట్టు వల్ల గోడ, సిస్టమ్ రెండూ పాడయ్యాయి.

కంప్రెషన్ ఫిట్టింగ్ చెడ్డదని కాదు. నేల పలకల కింద నలభై ఏళ్లుగా చుక్క కారకుండా ఉన్నవాటిని నేనే చూశాను. అందులో ఆలివ్ అనే ఇత్తడి రింగు పైపును కరిచి పట్టుకుంటుంది, ఆ పట్టును నట్టు నిలబెడుతుంది. ఎప్పుడైనా చెమ్మ కనిపిస్తే స్పానర్‌తో కాస్త బిగిస్తాం. అది కంటికి కనపడే చోట, చేతికి అందే చోట పనిచేయాల్సిన జాయింట్.

మన ఊళ్లలో ఇది వింతగా అనిపిస్తుందని నాకు తెలుసు. హైదరాబాద్‌లో ఫ్లాట్ కట్టేటప్పుడు బాత్రూమ్ పైపులన్నీ గోడలోనే పోతాయి, పైన టైల్స్ వేసేస్తారు, ఎవరూ కంగారు పడరు. అక్కడ సీపీవీసీ పైపుకు సాల్వెంట్ రాసి అతికిస్తారు, రెండూ కరిగి ఒకే ముక్కలా అయిపోతాయి. టైల్స్ వేసే ముందు చేతి పంపుతో ప్రెషర్ పెట్టి చూస్తారు కూడా. పైగా ఇటుక గోడ కదలదు. ఇక్కడ చలికాలం అంతా ఆ పైపు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేడెక్కి మళ్లీ చల్లారుతుంది. రాగి పైపు మీటరుకు ఒక్కో డిగ్రీకి 0.017 మి.మీ. పెరుగుతుంది. 5 మీటర్ల పైపు 15 డిగ్రీల నుంచి 65కి వెళ్తే 4 మి.మీ. పైనే సాగుతుంది. పాలీబ్యుటిలీన్ ప్లాస్టిక్ పైపైతే అదే లెక్కన 30 మి.మీ. దాటుతుంది, కాకపోతే అది మెత్తగా ఒంగి సర్దుకుంటుంది. రోజుకు రెండుసార్లు ఈ లాగుడు, తోపుడు ఏళ్ల తరబడి పడేది జాయింట్ మీదే.

చట్టం ఏమంటుందని కూడా అడిగారు. మంచినీటి పైపుల విషయంలో ఇంగ్లండ్, వేల్స్‌లో 1999 నాటి వాటర్ ఫిట్టింగ్స్ రెగ్యులేషన్స్ ఉన్నాయి. చెయ్యి అందని చోట జాయింట్ దాచకూడదన్నది అందులోని ఒక నియమం. హీటింగ్ పైపులకు కూడా నేను ఆ నియమాన్ని దృష్టిలో పెట్టుకునే, గోడ లోపలి జాయింట్లను వీలైనంత తగ్గిస్తాను, మీ ప్లంబర్ కూడా అలా ఆలోచించడం మంచిదే. రేడియేటర్ వైపు నీటి పని ఎవరైనా చేయవచ్చు. బాయిలర్‌లో గ్యాస్‌కు సంబంధించినది మాత్రం గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్లే ముట్టుకోవాలి.

ఇక మీ స్టడ్ గోడ సంగతి. మీ ఇంటి నేల చెక్క పలకలదని చెప్పారు కాబట్టి పని సులువే. నేనైతే ఇలా చేస్తాను. ఒక్కో వాల్వుకు ఒక రాగి ముక్కను బల్ల మీదే తయారు చేసుకుంటాను. నేల కిందికి దిగేంత పొడవున్న నిలువు పైపు, దాని పైకొసన టంకంతో ఒక ఎల్బో, ఆ ఎల్బో నుంచి గోడ బయటికి వచ్చే ఒక జానెడు పైపు. గోడ లోపల ఉండే జాయింట్ ఆ ఒక్క ఎల్బోనే. మిగతా కలపడాలన్నీ నేల పలకల కింద. అక్కడి పలకను మేకులతో కొట్టకుండా స్క్రూలతో బిగిస్తే రేపు ఎప్పుడైనా తీసి చూసుకోవచ్చు. పుష్‌ఫిట్ వాడాలన్నా ఆ చోటే సరైనది.

బల్ల మీదే టంకం వేయమనడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, పైపును అన్ని వైపులా తిప్పి చూడవచ్చు. ఎల్బో నోటి చుట్టూ వెండి గీతలాగా టంకం సన్నగా, ఎక్కడా తెగకుండా కనపడాలి. ఒక పక్కే ముద్దగా ఉండి, ఇంకో పక్క పొడిగా ఉంటే అది పనికిరాదు, మళ్లీ చేయాల్సిందే. రెండోది, ఎండిన స్టడ్ల మధ్య మంట పెట్టాల్సిన అవసరం ఉండదు. పని అయ్యాక తడి గుడ్డతో ఫ్లక్స్ (టంకం పట్టడానికి రాసే పేస్టు) పూర్తిగా తుడవాలి. ఫ్లక్స్ మిగిలితే రాగిని నెమ్మదిగా తింటూనే ఉంటుంది, పైపు మీద ఆకుపచ్చ మరకగా మొదలై చివరికి సూది బెజ్జం అవుతుంది.

ఎల్బో కూడా లేకుండా పైపునే వంచితే? ఇంకా మంచిది, మీ స్టడ్లు 89 మి.మీ. వైతే తప్పకుండా అలాగే చేయమనండి. 15 మి.మీ. రాగి పైపును మామూలు బెండర్‌తో వంచితే వంపు వ్యాసార్థం సుమారు 60 మి.మీ. వస్తుంది. 89 మి.మీ. స్టడ్‌లో అది హాయిగా పడుతుంది. 63 మి.మీ. స్టడ్‌లో కూడా ఎలాగో పడుతుంది కానీ, వంపు వీపు అవతలి గది బోర్డుకు దాదాపు ఆనుకుంటుంది. రేపు అవతల ఎవరైనా స్కిర్టింగ్‌కి మేకు కొడితే సూటిగా పైపులోకే దిగుతుంది. అందుకే 63 అయితే ఎల్బోయే వేస్తాను, అప్పుడు పైపు స్టడ్ మధ్యలో ఉంటుంది.

పైపు బయటికి వచ్చే చోట స్టడ్ల మధ్య ఒక అడ్డచెక్క వేయించి, పైపును దానికి క్లిప్ చేయించండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. బోర్డు ఒక్కటే పైపును పట్టుకుని ఉంటే, తర్వాత వాల్వు నట్టు బిగించేటప్పుడు పైపు మెలితిరిగి ఆ బలమంతా లోపలి ఎల్బో మీద పడుతుంది. బిగించేటప్పుడు కూడా ఒక స్పానర్‌తో వాల్వును పట్టుకుని, రెండో స్పానర్‌తో నట్టు తిప్పాలి. గోడ తెరిచి ఉండగానే రేడియేటర్ బ్రాకెట్లు వచ్చే చోట 18 మి.మీ. ప్లైవుడ్ కూడా వేయించండి. 600 మి.మీ. ఎత్తు, 1200 మి.మీ. పొడవున్న డబుల్ ప్యానెల్ రేడియేటర్ నీళ్లతో నిండాక 40 కిలోలు దాటుతుంది, దాన్ని ఖాళీ బోర్డుకు వేలాడదీయకూడదు.

పైపు స్టడ్‌ను అడ్డంగా దాటే ప్రతి చోటా ముందువైపు ఉక్కు పలక ఒకటి కొట్టించండి, ఖర్చు చాలా తక్కువ. బోర్డు బిగించే స్క్రూ 38 మి.మీ. ఉంటుంది. 12.5 మి.మీ. బోర్డును దాటాక ఇంకా 25 మి.మీ. లోపలికి పోతుంది. నేల కింద జాయిస్టులకు (పలకలను మోసే దూలాలకు) బెజ్జం వేయాల్సి వస్తే దానికీ లెక్క ఉంది. 200 మి.మీ. లోతున్న జాయిస్టులో బెజ్జం 50 మి.మీ. మించకూడదు, అదీ లోతుకు సరిగ్గా మధ్యలో వేయాలి, జాయిస్టు ఆనుకున్న చోటి నుంచి దాని పొడవులో పావు వంతుకూ, పదింట నాలుగు వంతులకూ మధ్యలోనే ఉండాలి. పైనుంచి గాడి కొడితే 25 మి.మీ. లోతు దాటకూడదు.

వాల్వుల దగ్గర ఒక పొరపాటు జరుగుతుంది, ముందే చెప్తున్నాను. మామూలు యాంగిల్ టీఆర్‌వీలో (గది వేడిని బట్టి రేడియేటర్‌ను అదుపు చేసే వాల్వులో) పైపు వచ్చే నోరు, తిప్పే తల ఒకే గీత మీద ఉంటాయి. పైపు గోడలోంచి వస్తే ఆ తల నేరుగా గదిలోకి పొడుచుకుని వస్తుంది. నడిచేవాళ్ల కాలికి, వాక్యూమ్ క్లీనర్‌కి అదే తగులుతుంది. కార్నర్ టీఆర్‌వీ అని అడిగి తీసుకోండి. పైపు గోడ వైపు నుంచి వచ్చినా తల పైకి నిలబడి ఉంటుంది. రేడియేటర్‌నీ వాల్వులనీ ముందే కొని తెచ్చి, నేల మీద పడుకోబెట్టి కలిపి, రెండు నోళ్ల మధ్య దూరం టేపుతో కొలవండి. ఆ కొలత ప్రకారమే గోడలోంచి పైపులు రావాలి. రేడియేటర్ పొడవుకు ఓ 100 మి.మీ. కలిపితే చాలని కొందరంటారు. ఒక్కో కంపెనీ వాల్వు ఒక్కోలా ఉంటుంది, ఆ అంచనాతో బోర్డుకు బెజ్జాలు పెడితే తర్వాత పైపును లాగి సరిపెట్టాల్సి వస్తుంది.

పుష్‌ఫిట్ గ్యారంటీ గురించి. కంపెనీలు 25 ఏళ్లు, 50 ఏళ్లు ఇస్తున్న మాట నిజమే. ఫిట్టింగ్ కూడా మంచిదే. కానీ ఆ గ్యారంటీ పైపునీ ఫిట్టింగునీ సరిగ్గా అమర్చినప్పుడే వర్తిస్తుంది. పైపును హ్యాక్సాతో కోస్తే అంచున గరుకు మిగిలి ఓ-రింగును చీరుతుంది. లోపల పెట్టాల్సిన ఇన్సర్ట్ మరచిపోతే వేడికి పైపు నొక్కుకుపోతుంది. పైపును పూర్తిగా తోయకుండా సగంలో వదిలేసినా మొదటి రోజు కారకపోవచ్చు. ఇవేవీ మీకు బయటికి కనపడవు. పైగా ప్లాస్టిక్ పైపును ఎలుకలు కొరుకుతాయి. పాత ఇళ్ల నేల కింద నేను రెండు మూడుసార్లు చూశాను. ప్లాస్టిక్ వాడితే బ్యారియర్ పైపు అని పైపు మీదే రాసి ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. బ్యారియర్ లేనిదైతే పైపు తన ప్లాస్టిక్ గోడలోంచే ఆక్సిజన్ పీల్చుకుంటుంది, రేడియేటర్లు తుప్పు పడతాయి. బోర్డు వెనక టీ (మూడు పైపులు కలిపేది) గానీ, కప్లింగ్ (రెండు పైపులు కలిపేది) గానీ తప్పనిసరైతే దాన్ని రేడియేటర్ వెనక నీడలోకి జరపమనండి. అక్కడ ఒక చిన్న ప్లాస్టిక్ యాక్సెస్ ప్యానెల్ పెట్టుకున్నా ఎవరికీ కనపడదు. రేడియేటర్ దించితే జాయింట్ చేతికి అందుతుంది.

బయటి గోడ విషయంలో నా సలహా మీకు నచ్చకపోవచ్చు. అక్కడ పైపులు గోడలో వేయించకండి. డాట్ అండ్ డాబ్‌లో బోర్డుకీ బ్లాకుకీ మధ్య దొరికేది వేలి మందం ఖాళీ మాత్రమే. 15 మి.మీ. పైపు, దాని ఎల్బో పట్టాలంటే బ్లాకును తొలవాలి. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. 100 మి.మీ. బ్లాకులో అడ్డంగా అయితే 17 మి.మీ. కూడా నిండా రాదు. ఇన్సులేషన్ చుట్టడానికి చోటుండదు, మీరు డబ్బు పోసి వేడి చేసిన నీటి వేడి కొంత బయటి బ్లాకుకే పోతుంది. తడి అడ్హెసివ్, సిమెంట్ రాగికి తగలకుండా టేపు చుట్టాలి, ఆ హడావిడిలో అది సరిగ్గా జరగదు. ఆ గోడకు పైపులను నేలలోంచే పైకి తీసుకురండి. రేడియేటర్ కింద ఓ జానెడు మాత్రమే కనపడుతుంది. దానికి తెల్లటి లేదా క్రోమ్ తొడుగులు వేసి, నేల దగ్గర కాలర్లు పెడితే శుభ్రంగా ఉంటుంది. మా ఇంట్లోనూ బయటి గోడలకు అలాగే ఉన్నాయి.

తొలిచే పని ఏదున్నా ముందు రెండు చూడండి. 2000కి ముందు కట్టిన ఇళ్లలో పాత గరుకు సీలింగ్, పాత బోర్డుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అనుమానం ఉంటే ముక్కను ల్యాబ్‌కి పంపాకే ముట్టుకోవాలి. రెండోది కరెంటు. స్విచ్‌లు, సాకెట్ల నుంచి నిలువుగా, అడ్డంగా వెళ్లే దారుల్లోనూ, గోడ మూలల నుంచీ సీలింగ్ నుంచీ 150 మి.మీ. పట్టీలోనూ కేబుళ్లు ఉండే అవకాశం ఎక్కువ. కేబుళ్లకైతే ఫలానా దారిలో పోవాలన్న నియమం ఉంది, పైపులకు అలాంటిది లేదు. పైపు ఎక్కడ ఉందో చెప్పేది మీరు తీసుకునే ఫొటో ఒక్కటే.

టెస్ట్ సంగతికి వస్తే, బయటికి వచ్చిన ఆ జానెడు పైపు కొసలకు మూతలు టంకం వేయించండి. బాయిలర్‌ను వాల్వులతో వేరు చేయాలి. దాని సేఫ్టీ వాల్వ్ 3 బార్ దగ్గర తెరుచుకుంటుంది కాబట్టి ఇది మరచిపోకూడదు. తర్వాత చేతి పంపుతో నీళ్లు నింపి 4.5 బార్ దాకా పెట్టి గేజ్‌కి ఫొటో తీయండి. అంతా రాగి అయితే గంట తర్వాత ముల్లు అక్కడే ఉండాలి, నేనైతే రాత్రంతా వదిలేస్తాను. ప్లాస్టిక్ పైపు కలిసి ఉంటే అది కొంచెం సాగుతుంది, మొదట్లో ముల్లు కాస్త దిగుతుంది. మళ్లీ పంపు కొట్టి, అది నిలబడ్డాక లెక్క మొదలుపెట్టాలి. ఈలోగా ప్రతి ఎల్బో కింద ఒక టిష్యూ కాగితం చుట్టి ఉంచండి. గేజ్ పట్టుకోలేని చెమ్మ కూడా పొద్దున్నకి కాగితం మీద మచ్చగా కనపడుతుంది.

వీలైతే రేడియేటర్‌ను తాత్కాలికంగా తగిలించి, బోర్డు వేయకముందే హీటింగ్ రెండు రోజులు వేసి ఆపి చూడండి. చల్లటి నీటితో నిలిచినది వేడికి కూడా నిలుస్తుందో లేదో తేలుతుంది. టిక్ టిక్ అని శబ్దం వస్తోందేమో కూడా అప్పుడే వినండి. పైపు చెక్కను రుద్దుతోందంటే అక్కడ బెజ్జం పెద్దది చేయాలి, లేదా ఫెల్ట్ ముక్క పెట్టాలి. బోర్డులో కూడా 15 మి.మీ. పైపుకు 18 నుంచి 20 మి.మీ. బెజ్జం పెట్టించండి. ఆ ఖాళీని కాలర్ కప్పేస్తుంది. బెజ్జం బిగుతుగా పెట్టి ప్లాస్టర్‌తో మూస్తే మొదటి చలికాలానికే పెయింట్ చుట్టూ పగులు వస్తుంది.

ఒక సంగతి మీకు కలిసొస్తుంది. ఇంగ్లండ్‌లో 2022 జూన్ 15 నుంచి ఇల్లంతా హీటింగ్ కొత్తగా వేస్తే, నీరు 55 డిగ్రీలు దాటకుండా పనిచేసేలా రూపొందించాలి. మీరు మొత్తం మారుస్తున్నారంటున్నారు కాబట్టి పైపులు తక్కువ సాగుతాయి, జాయింట్ల మీద లాగుడు తగ్గుతుంది. కాకపోతే అదే వేడికి రేడియేటర్లు పెద్దవి కావాలి, బరువూ పెరుగుతుంది. ఆ ప్లైవుడ్ మాట మరచిపోకండి.

బోర్డులు ఎక్కే ముందు రోజు, అంటే బుధవారం సాయంత్రం, గోడ ముందు నిలబడి ఫొటోలు తీయండి. ఒక టేపును నేల నుంచి నిలువుగా, ఇంకోదాన్ని మూల నుంచి అడ్డంగా సాగదీసి పట్టుకోండి, అంకెలు ఫొటోలో చదవగలిగేలా ఉండాలి. ప్రతి ఎల్బోకి దగ్గరగా ఒకటి, గోడ మొత్తానికి ఒకటి. వాటిని ఫోన్‌లోనే వదిలేయకుండా ప్రింట్ తీసి బాయిలర్ కాగితాల కవర్‌లో పెట్టండి. అయిదేళ్ల తర్వాత టీవీ బ్రాకెట్ బిగించడానికి వచ్చినతనికి డ్రిల్ ఆన్ చేయకముందే ఆ కవర్ ఇవ్వండి.